కల్లులో సహజంగా పుట్టే పదార్థాలను పరీక్షించాలంటే నమూనా ఎలా తీయాలి?

ప్రశ్న: డిండి గట్టు (కలం పేరు)

నేను దేవరకొండ ప్రాంతంలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా మోకు వేసుకొని తాళ్లు (తాటిచెట్లు) ఎక్కారు. నా చదువుకు డబ్బు ఆ కల్లు లొట్ల (కుండల) లోనుంచే వచ్చింది. అందుకే ఈ విషయం మీద తొందరపడి తప్పు రాయడం గాని, ఇబ్బందికరమైనదేదైనా కనబడితే దాచిపెట్టడం గాని నాకు ఇష్టం లేదు.

మా ఊళ్లో చెట్టు కిందనే రేక (తాటాకు దొన్నె) పట్టి తాగే అలవాటు ఇంకా ఉంది. వారిలో ఇద్దరికి పొద్దున దించిన తీపి కల్లుతో ఏ బాధా ఉండదు. అదే కల్లు సాయంత్రం దాకా ఉండి పులిసిన తరువాత తాగితే మాత్రం ముఖం వేడెక్కి ఎర్రబడుతుందని, కణతలు కొట్టుకుంటాయని, మెడ మీద దద్దుర్లు లేస్తాయని ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు. అదే లొట్టిలోది వారితో కలిసి తాగిన మిగతా నలుగురికి ఏమీ కాలేదు. ఇందులో మత్తుమందు కలిసిందని అనుమానించడానికి వీలు లేదు, ఎందుకంటే ఆ లొట్టి దించినదీ, రేకలో ఒంపినదీ మా నాన్నే.

మన జిల్లాల్లో కల్లు పరీక్ష అంటే క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రజోలం వంటి కల్తీ మందులను పట్టుకోవడం అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ కల్తీ వల్ల కుటుంబాలు ఎంత నష్టపోయాయో పాలమూరులోను, నల్లగొండలోను చూసినవాళ్లం కాబట్టి ఆ పరీక్షల అవసరాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఎవరూ ఏమీ కలపకుండానే, పులిసే క్రమంలో దానంతట అదే పుట్టే పదార్థాలలో ఆరోగ్యానికి సంబంధించినవి ఏమిటి, వాటిని కొలవాలంటే నమూనా ఎలా తీయాలి, మా కళాశాల ప్రయోగశాలలో చేయగలిగినది ఎంత, బయటకు పంపవలసినది ఎంత అన్నది తెలుసుకోవాలని ఉంది.

మరి మూడు చిన్న సందేహాలు కూడా ఉన్నాయి. బీరులో స్త్రీ హార్మోన్‌ను పోలిన మొక్కల పదార్థాలు ఉంటాయని చదివిన ఒక విద్యార్థిని, కల్లులో కూడా ఉంటాయా అని అడిగింది. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే మర్రిగూడ వైపు నుంచి వచ్చే మరో విద్యార్థి ఫ్లోరైడ్ సంగతి అడిగాడు. మా మేనమామ క్షయకు మందులు వాడుతూ, కల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా, దానితో ఏమవుతుంది అంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

జవాబు: కల్వకుర్తి నుంచి తార్నాక

మేడమ్ గారూ, నేను హైదరాబాదులో ఆహార పదార్థాల విశ్లేషణ చేసే ప్రయోగశాలలో పని చేస్తాను. మీరు రాసిన లక్షణాలు, అవి అందరికీ కాక కొందరికే రావడం, పొద్దుటి కల్లుతో కాక సాయంత్రపు కల్లుతో రావడం, ఈ మూడూ కలిపి చూస్తే ముందుగా అనుమానించవలసినది హిస్టమిన్‌ను. దానితో పాటు టైరమిన్, పుట్రెసిన్, కడావరిన్, ఫినైల్‌ఇథైలమిన్ అనేవి కూడా ఉంటాయి. వీటన్నిటినీ కలిపి జీవజనిత అమైన్లు అంటారు.

ఇవి ఎలా పుడతాయో చెబితే నమూనా ఎలా తీయాలో సగం అర్థమవుతుంది. చెట్టు నుంచి అప్పుడే కారిన నీరాలో పది నుంచి పదిహేను శాతం దాకా చక్కెర, కొద్దిగా అమైనో ఆమ్లాలు ఉంటాయి, పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) దాదాపు 7 దగ్గర ఉంటుంది. అది లొట్టిలో పడిన క్షణం నుంచి ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. ఆ వెనుక ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా వచ్చి కల్లును సిర్కా (వెనిగర్) వైపు నడిపిస్తుంది. కొన్ని గంటల్లోనే పీహెచ్ 4 దగ్గరకు దిగుతుంది. లాక్టిక్ బాక్టీరియాలో కొన్ని రకాలకు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడును తీసివేసి హిస్టమిన్‌గా మార్చే ఎంజైము ఉంటుంది. టైరోసిన్ నుంచి టైరమిన్ కూడా ఇదే విధంగా పుడుతుంది. అన్ని రకాలకూ ఈ ఎంజైము ఉండదు. కాబట్టి రెండు లొట్ల కల్లు ఒకే రుచిలో ఉన్నా, ఒకదానిలో హిస్టమిన్ ఎక్కువగాను, మరొకదానిలో దాదాపు లేకుండాను ఉండవచ్చు. ఒక్కసారి పుట్టిన తరువాత కాచినా ఇది పోదు. వేడికి బాక్టీరియా చస్తుంది గాని అమైన్ అలాగే మిగులుతుంది.

మనుషుల్లో తేడా ఎందుకంటే, పేగుల్లో డయమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము హిస్టమిన్‌ను విరగ్గొడుతుంది. అది కొందరిలో తక్కువగా ఉంటుంది. పైగా ఆల్కహాలు, దాని నుంచి వచ్చే ఎసిటాల్డిహైడ్ ఈ ఎంజైము పనికి అడ్డుపడతాయి. అంటే కల్లులో హిస్టమిన్ ఉంటే, దానిని ఆపవలసిన కాపలాను కూడా ఆ కల్లే బలహీనపరుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ముఖం ఎర్రబడటానికి ఎసిటాల్డిహైడ్ ఒక్కటే కూడా కారణం కావచ్చు. అందువల్ల ఆ రెండింటినీ కొలవకుండా కారణం ఇదేనని రాయకండి.

ఇప్పుడు నమూనా సంగతి. నా అనుభవంలో పరీక్షలు చెడిపోయేది యంత్రం దగ్గర కాదు, సీసా దగ్గర. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది. దేవరకొండలో పొద్దున ఆరు గంటలకు నింపిన సీసా మధ్యాహ్నం హైదరాబాదుకు చేరేసరికి మీరు కొలిచేది మీరు నింపిన కల్లు కాదు, బస్సులో తయారైన కల్లు. అందుకని చెట్టు కిందనే పులియడాన్ని ఆపాలి. అమైన్ల కోసం తీసే భాగంలో తూకం ప్రకారం ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్లు అడుగుకు దిగి, ఎంజైములు ఆగిపోతాయి. ఆ తరువాత మంచు పెట్టెలో పెట్టి తీసుకెళ్లి మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి. ఎసిటాల్డిహైడ్, మిథనాల్ (విషపూరితమైన మరో రకం ఆల్కహాలు) కోసం వేరే సీసా నింపాలి. అవి ఆవిరైపోయే పదార్థాలు కాబట్టి గట్టి మూత పెట్టి వెంటనే మంచులో ఉంచాలి. సీసాలను అంచు దాకా నింపకండి, గడ్డకట్టినప్పుడు పగులుతాయి. ప్రతి సీసా మీద చెట్టు గుర్తు, లొట్టి కట్టిన సమయం, దించిన సమయం, సీసా నింపిన సమయం, అప్పటి ఉష్ణోగ్రత, పీహెచ్ రాయించండి. సమయాలు లేని నమూనాను నేనైతే తీసుకోను.

ఒకే చెట్టు కల్లును దించిన వెంటనే, మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు గంటల తరువాత తీసి చూడండి. కనీసం మూడు తాటి చెట్లు, మూడు ఈత చెట్లు ఉండాలి. ఒక్క నమూనా పంపి వచ్చిన అంకెను కల్లు మొత్తానికి అంటగట్టడం మీ నాన్నగారి వృత్తికి చేసే అన్యాయం అవుతుంది.

కొలిచే పద్ధతికి వస్తే, అమైన్లు తమంతట తాము వెలుగును సరిగా పట్టవు కాబట్టి వాటిని వెలిగేలా చేసే డాన్సిల్ క్లోరైడ్ అనే రసాయనం తగిలించి, హెచ్‌పీఎల్‌సీ అనే, ద్రవంలోని పదార్థాలను విడదీసే యంత్రంలో వేరుచేసి, అవి వెదజల్లే కాంతిని బట్టి కొలుస్తాము. మీ కళాశాలలో ఆ యంత్రం లేకపోయినా డాన్సిల్ తగిలించిన నమూనాను పదార్థాలను వేర్వేరు చుక్కలుగా విడదీసే పలుచని పొర క్రోమటోగ్రఫీ పలక మీద పరుగెత్తించి, అతినీలలోహిత దీపం కింద చూడవచ్చు. పక్కన తెలిసిన మోతాదుల్లో ప్రామాణిక చుక్కలు పెడితే, హిస్టమిన్ ఉందా, ఎక్కువా తక్కువా అన్నది విద్యార్థులే చెప్పగలరు. అక్కడ ఎక్కువగా కనబడినవాటిని, వాటితో పాటు ఏమీ కనబడని కొన్నింటిని కూడా, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. పంపేముందు ఒక నమూనాలో లీటరుకు 10 మిల్లీగ్రాముల హిస్టమిన్ మీరే కలిపి, కలపనిదానితో జతగా పంపండి. రెండింటికీ మధ్య తేడా 9 గాని 10 గాని వస్తే అంకెలను నమ్మవచ్చు. 4 వస్తే ఆ పద్ధతి కల్లుకు పనికిరాదని అర్థం.

వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2011లో ఇచ్చిన అభిప్రాయం ప్రకారం ఆరోగ్యవంతులకు ఒక పూటలో 50 మిల్లీగ్రాముల హిస్టమిన్, 600 మిల్లీగ్రాముల టైరమిన్ దాకా హాని కనబడలేదు. హిస్టమిన్ పడనివారికి మాత్రం కొలతకు అందనంత తక్కువ ఉంటేనే క్షేమం. ఇక్కడ మన కల్లుకు ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ద్రాక్షసారాను గ్లాసుల్లో తాగుతారు, కల్లును సీసాల్లో తాగుతారు. 650 మిల్లీలీటర్ల సీసాలు రెండు తాగితే 1.3 లీటర్లు. కాబట్టి లీటరుకు ఎంత అన్న అంకె చిన్నదిగా కనబడినా, తాగే పరిమాణంతో గుణించిన తరువాతే మాట్లాడాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. మిథనాల్ పండ్ల గుజ్జులోని పెక్టిన్ నుంచి వస్తుంది. చెట్టు రసంలో పెక్టిన్ స్వల్పం కాబట్టి దాని భయం తక్కువ, అయినా ఒకసారి చూడటం మంచిది. ఇథైల్ కార్బమేట్ అనే పదార్థాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి వరుసలో చేర్చింది. కెనడా 1985లోనే ద్రాక్షసారాలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని హద్దు పెట్టింది. అది యూరియా వంటివాటికీ ఆల్కహాలుకూ మధ్య నెమ్మదిగా, వేడి తగిలితే వేగంగా పుడుతుంది. పొద్దున దించి రాత్రిలోగా తాగేసే కల్లులో దానికి వ్యవధి తక్కువ కాబట్టి నేను దానిని రెండో దశకు వాయిదా వేస్తాను. బీరులోని హార్మోన్ వంటి పదార్థం హాప్స్ పువ్వుల నుంచి వస్తుంది. 8-ప్రినైల్‌నారింజెనిన్ అనే దానిని 1999లో గుర్తించారు. కల్లులో హాప్స్ వేయరు కాబట్టి ఆ ప్రశ్నను బీరు దగ్గరే వదిలేయవచ్చు.

జవాబు: ముత్తాదు

అమ్మా, నేను అచ్చంపేట వైపు గీత సహకార సంఘంలో ఉన్నాను. మీరు గీత కార్మికుని బిడ్డ కాబట్టి మనసులో మాట దాచకుండా రాస్తున్నాను. పరీక్ష అనే మాట వినగానే మావాళ్లకు గుండె జారుతుంది. ఎవరో చేసిన కల్తీకి ఊరంతటి గీత కార్మికులు తలవంచుకున్న రోజులు ఉన్నాయి. మీ పరీక్షలో ఏ అంకె వచ్చినా, అది ఏ ఊరిది, ఏ సంఘానిది అన్నది బయటపెట్టకుండా రాస్తానని ముందే మాట ఇవ్వండి. అప్పుడు చెట్లు చూపించడానికి మేము వెనుకాడము.

పై జవాబులో పెద్దమనిషి సీసా గురించి బాగా చెప్పారు, కాని లొట్టి గురించి చెప్పలేదు. మా అనుభవంలో కల్లు గుణం చెట్టు మీద ఎంత ఆధారపడుతుందో లొట్టి మీద కూడా అంతే ఆధారపడుతుంది. కొందరు లొట్టిని కడిగి, ఎండబెట్టి, పొగ పట్టించి కడతారు. కొందరు నిన్నటి మడ్డి అడుగున ఉండగానే మళ్లీ కడతారు, దానితో తొందరగా పులుస్తుంది. సున్నం పూసిన లొట్టిలో అయితే నీరా నీరాగానే ఉంటుంది. ఈ మూడు రకాల లొట్లనూ ఒకే చెట్టుకు వేర్వేరు రోజుల్లో కట్టి చూడకపోతే, చెట్టు తప్పు ఏదో లొట్టి తప్పు ఏదో మీకు తేలదు.

తాటినీ ఈతనూ కూడా ఒకే గాటన కట్టకండి. తాటికి గెల కొసను రోజూ చెక్కుతాము. ఈతకు మొవ్వు కింద కాండానికే గీత పెడతాము, గాయం పెద్దది, రసం కాండం మీదుగా జారి వస్తుంది. ఏ పురుగు, ఏ దుమ్ము ఎక్కడ కలుస్తుందో రెండింటికీ వేరు. పోతుతాడు (మగ తాటిచెట్టు), పండుతాడు (ఆడ తాటిచెట్టు) అన్న తేడా కూడా రాసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నానికే పులిసేది చలికాలం రాత్రి దాకా తియ్యగా ఉంటుంది కాబట్టి, రెండు కాలాల్లోనూ తీస్తేనే న్యాయం.

ఇంకొకటి, సీసాలు బస్సులో పట్టుకొని పోయేటప్పుడు ఆబ్కారీ వారి లిఖిత అనుమతి మీ దగ్గర ఉండాలి. కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో ముందే అర్జీ పెట్టండి. విద్యార్థి చేతిలో పది సీసాల కల్లు ఉంటే దారిలో ఎవరికైనా సమాధానం చెప్పుకోవడం కష్టం.

జవాబు: పాలమూరు వైద్యుడు

ముందుగా మీ మేనమామ గురించి చెబుతాను, ఎందుకంటే పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆయన విషయం ఆగదు. క్షయకు ఇచ్చే ఐసోనియజిడ్ అనే మందు శరీరంలో హిస్టమిన్‌ను విరగ్గొట్టే డయమైన్ ఆక్సిడేజ్‌ను, టైరమిన్‌ను విరగ్గొట్టే మోనో అమైన్ ఆక్సిడేజ్‌ను కొంతమేర అడ్డుకుంటుంది. ఆ మందు వాడుతూ హిస్టమిన్ గల చేపలు, టైరమిన్ గల, మాగబెట్టిన చీజ్ వంటివి తిన్నవారిలో ముఖం ఎర్రబడటం, గుండె దడ, తలనొప్పి, రక్తపోటులో మార్పులు వచ్చినట్లు వైద్యశాస్త్రంలో నమోదై ఉంది. మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్ కూడా మోనో అమైన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకునేదే. పులిసిన పానీయాలకు దూరంగా ఉండమని దాని విషయంలో ప్రత్యేకంగా చెబుతాము. కుంగుబాటుకు వాడే పాతకాలపు మందుల్లో ఈ ఎంజైమును పూర్తిగా ఆపేవి ఉన్నాయి. వాటిని వాడేవారికి 6 మిల్లీగ్రాముల టైరమిన్ చాలు, రక్తపోటు ప్రమాదకరంగా పెరగడానికి. పై మిత్రుడు చెప్పిన 1.3 లీటర్ల లెక్కతో చూస్తే, లీటరుకు ఐదు మిల్లీగ్రాముల లోపే ఆ హద్దు దాటుతుంది. కాబట్టి మీ ప్రయోగశాల ఎంత తక్కువ దాకా కొలవగలదో ముందే అడగండి.

వీటన్నిటికంటే ముందున్న కారణం ఇంకొకటి ఉంది. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం మోపే మందులే. వాటి మీద ఆల్కహాలు పడితే కామెర్లు వచ్చి, మందులు మధ్యలో ఆపవలసి వచ్చి, క్షయ తిరగబెట్టిన రోగులను నేను చూశాను. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి ఏమీ కాదు అనే మాటను మేనమామగారి దగ్గర ఒప్పుకోకండి. ఆ కోర్సు పూర్తయ్యేదాకా కల్లు పూర్తిగా మానమని చెప్పండి. అయితే ఒకరోజు తాగారని భయపడి మందు మానేయడం అంతకన్నా పెద్ద తప్పు. మందు వేసుకుంటూనే వైద్యునికి నిజం చెప్పాలి.

పరీక్ష గురించి కూడా ఒక అభ్యర్థన. సహజ పదార్థాలు అన్న శీర్షిక కింద ఆల్కహాలును మరిచిపోకండి, అది కూడా పులియడంలో సహజంగా పుట్టినదే. కల్లులో ఆల్కహాలు 5 శాతం ఉందనుకుంటే 1.3 లీటర్లలో 65 మిల్లీలీటర్లు, అంటే సుమారు 51 గ్రాములు. పది గ్రాములను ఒక ప్రమాణంగా లెక్కిస్తే అయిదు ప్రమాణాలు. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో పెట్టింది. హిస్టమిన్ తక్కువగా ఉన్న కల్లు అని మీరు రాస్తే, ఆరోగ్యకరమైన కల్లు అని జనం చదువుతారు. అందుకని ప్రతి పట్టికలోనూ అమైన్ పక్కన ఆల్కహాలు శాతం తప్పనిసరిగా ఉండాలి.

ఆ ఇద్దరికీ కల్లు తాగించి చూద్దాం అనే ఆలోచన విద్యార్థులకు వస్తే దయచేసి ఆపండి. మనుషుల మీద ఏ పరిశీలనకైనా నైతిక సంఘం అనుమతి కావాలి. వారు ఇదివరకే చెప్పిన అనుభవాలను రాసుకుంటే చాలు. దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోవడం, పెదవులు వాచడం ఎప్పుడైనా జరిగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జవాబు: డిండి గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేనమామతో నిన్న రాత్రే మాట్లాడాను. కాలేయం సంగతి విన్న తరువాత ఆయన వాదించలేదు, ఈ నెల పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యునికి తానే చెబుతానన్నారు.

ముత్తాదు గారి మాటలు చదివి నాన్న చాలాసేపు మౌనంగా ఉండి, లొట్టి సంగతి చెప్పినవాడు గీత తెలిసినవాడు అన్నారు. ఊరి పేరు, సంఘం పేరు ఎక్కడా రాయనని మాట ఇస్తున్నాను. చెట్లకు అంకెలు మాత్రమే ఉంటాయి. మొదటి విడతలో మూడు తాటి చెట్లు, మూడు ఈత చెట్లు, ఒక్కోదానికి కడిగి పొగ పట్టించిన లొట్టి, మడ్డి ఉన్న లొట్టి, సున్నం లొట్టి వేర్వేరు రోజుల్లో కడతాము. అయిదు సమయాల్లో తీస్తే మొత్తం తొంభై నమూనాలు అవుతాయి. పలక మీద ఇవన్నీ మేమే చూడగలము, బయటకు పన్నెండు మాత్రమే పంపగలము. ఆ పన్నెండు ఏవి? ఫ్లోరైడ్ ప్రశ్నకు కూడా జవాబు కావాలి.

జవాబు: కల్వకుర్తి నుంచి తార్నాక

ముత్తాదు గారు చెప్పిన లొట్టి విషయం నాకు తట్టలేదు, నా ప్రణాళికలో అది పెద్ద లోపం. మడ్డిలో నిన్నటి బాక్టీరియా అంతా ఉంటుంది కాబట్టి తేడా బయటపడితే ముందుగా అక్కడే పడుతుంది.

పన్నెండింటిలో ఆరు, పలక మీద హిస్టమిన్ చుక్క బాగా వెలిగినవి కావాలి. మూడు, ఏమీ కనబడనివి. ఒకటి, మీరు హిస్టమిన్ కలిపిన జత నమూనా. ఒకటి, ఇదివరకే పంపిన నమూనాలోంచి వేరే పేరుతో మళ్లీ పంపినది, వారు రెండుసార్లు ఒకే అంకె ఇస్తారా అన్నది చూడటానికి. చివరిది, కల్లు లేకుండా ఉత్త నీళ్లలో ఆమ్లం కలిపిన ఖాళీ నమూనా. ఏ సీసా ఏదో ప్రయోగశాలకు చెప్పకండి. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చెట్టు కింద దానిని విద్యార్థుల చేతికి ఇవ్వకుండా మీరే కలపండి, చేతి తొడుగులు, కళ్లద్దాలు వాడండి.

ఫ్లోరైడ్ పులియడంలో పుట్టదు, పులియడం వల్ల పోదు. అది కల్లులోకి వస్తే చెట్టు వేరు ద్వారా రావాలి, లేదా తరువాత కలిపిన బోరు నీళ్ల ద్వారా రావాలి. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు ఉంటే ఇది మీ కళాశాలలోనే అయ్యే పని. నమూనాకు తగిన బఫరు (పీహెచ్‌ను స్థిరంగా ఉంచే ద్రావణం) కలపడం మరవకండి, పీహెచ్ 4 దగ్గర ఫ్లోరైడ్‌లో కొంత భాగం ఎలక్ట్రోడుకు కనబడదు. చెట్టు నుంచి నేరుగా తీసిన నీరా, ఆ పక్కనే ఉన్న బోరు నీళ్లు, దుకాణంలో పోసే కల్లు, ఈ మూడింటినీ పక్కపక్కన కొలవండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా. నీరాలో తక్కువగా ఉండి దుకాణపు కల్లులో బోరు నీళ్ల స్థాయికి దగ్గరగా వస్తే, ఆ అంకెను చెట్టు ఖాతాలో వేయకండి.